విమానయానంలో జీవ ఇంధనాలు: నూజివీడు మామిడి సీమ నేపథ్యం

నిర్వచనం

మొక్కల నూనెలు, వాడేసిన వంటనూనె, జంతువుల కొవ్వు, చెరకు మొలాసిస్, ధాన్యం, గడ్డి, కలప వంటి జీవ పదార్థాల నుంచి తయారై, విమానాల్లో వాడే కిరోసిన్ రకం ఇంధనంతో కలిపి మండించదగిన ద్రవాన్ని విమాన జీవ ఇంధనం అంటారు. పర్యావరణ ప్రమాణాలకు నిలిచినదాన్ని సుస్థిర విమాన ఇంధనం అని, ఆంగ్ల పొడి అక్షరాలతో ‘సాఫ్’ అని వ్యవహరిస్తున్నారు. రెండూ ఒకటి కావు. సాఫ్‌లో జీవ పదార్థంతో సంబంధం లేకుండా, విద్యుత్తుతో తయారుచేసే కృత్రిమ ఇంధనాలూ ఉంటాయి. అలాగే జీవ ఇంధనమైనంత మాత్రాన సుస్థిరమని చెప్పడానికి వీల్లేదు.

లారీలు, ట్రాక్టర్లలో పోసే బయోడీజిల్ విమానానికి పనికిరాదు. దాని అణువుల్లో ఆక్సిజన్ ఉంటుంది, చలికి త్వరగా గడ్డకడుతుంది. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టకూడదు. అందుకే మొక్కల నూనెలోంచి ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగించి, పెట్రోలియంలో ఉండే హైడ్రోకార్బన్‌ల రూపానికే తేవాలి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే కాకినాడలో బయోడీజిల్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి విమాన ఇంధనమూ సిద్ధమేనన్న పొరపాటు అభిప్రాయం ఏర్పడుతోంది.

చరిత్ర

2008 ఫిబ్రవరి 24న వర్జిన్ అట్లాంటిక్ సంస్థ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు ప్రయాణికులు లేకుండా ఒక బోయింగ్ 747ను నడిపింది. నాలుగు ఇంజన్లలో ఒకదానికి కొబ్బరి, బబాసు నూనెలతో చేసిన ఇంధనం 20 శాతం కలిపి అందించింది. అదే ఏడాది డిసెంబరు 30న ఎయిర్ న్యూజిలాండ్ జట్రోఫా నూనెతో ప్రయోగం చేసింది. 2011 జూన్‌లో డచ్ సంస్థ కేఎల్ఎం వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనం కలిపి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్‌కు ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ విమానం నూరు శాతం సాఫ్‌తో లండన్ నుంచి న్యూయార్క్ చేరింది. ఆ నూరు శాతం ఇప్పటికీ ప్రత్యేక అనుమతితో జరిగే ప్రదర్శనలకే పరిమితం.

భారతదేశంలో 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరింది. దాని ఒక ఇంజన్‌లో 25 శాతం జీవ ఇంధనం కలిపారు. ఛత్తీస్‌గఢ్ రైతులు పండించిన జట్రోఫా గింజల నుంచి డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ ఆ ఇంధనాన్ని తయారుచేసింది. 2020 జనవరి 31న వైమానిక దళపు ఏఎన్-32 విమానం రెండు ఇంజన్లలోనూ 10 శాతం మిశ్రమంతో లేహ్ నుంచి లేచింది. గాలి పలచగా ఉండే ఎత్తైన చోట, గడ్డకట్టే చలిలో ఇంజన్ మొరాయించకపోవడం ఆ పరీక్షలో తేలిన విషయం. 2023 మే 19న ఎయిర్ఏషియా ఇండియా పుణె నుంచి ఢిల్లీకి నడిపిన సర్వీసులో ప్రాజ్ ఇండస్ట్రీస్ తయారుచేసిన దేశీయ సాఫ్‌ను స్వల్పంగా కలిపారు.

తెలుగు నేలకు ఈ చరిత్రలో ఉన్న చోటు చిన్నదే గానీ పాతది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెంలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీసేవి. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు ప్రతినిధులు చేసిన విమాన, స్థానిక ప్రయాణాల ఉద్గారాలకు బదులుగా ప్రపంచ బ్యాంకు ఈ గూడెం మహిళల నుంచి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును కొని, 645 డాలర్లు చెల్లించింది. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో తగ్గే ఉద్గారం ఎంతో లెక్కగట్టి ధర కట్టారు. కానుగ నూనె ఏ విమానంలోనూ పోయలేదు. విమాన ప్రయాణపు లెక్క ఒక తెలుగు గూడెం ఖాతాలో జమ కావడం మాత్రం నిజంగా జరిగింది.

అదే దశకంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ తీపి జొన్న నుంచి ఇథనాల్ తీసే పద్ధతిని ప్రోత్సహించింది. సంగారెడ్డి దగ్గర 2007లో ఒక డిస్టిలరీ మొదలైంది. మెట్ట రైతులకు జట్రోఫా, కానుగ మొక్కలు పంచే పథకాలూ ఆ రోజుల్లోనే నడిచాయి. జట్రోఫాను అడవి ఆముదం అనీ అంటారు. బీడు భూమిలో నీళ్లు లేకుండా కాస్తుందన్న మాట మీద దాని సాగు ఊపందుకుంది. మొక్క బతికింది, కాపు రాలేదు. నీరూ ఎరువూ ఇచ్చిన చోట కాసింది గానీ, ఆ నీరూ ఎరువూ వేరే పంటకు పెడితే అంతకంటే ఎక్కువ మిగిలేది. 2009 నాటి జాతీయ విధానం 2017 కల్లా 20 శాతం బయోడీజిల్ కలపాలని పెట్టుకున్న లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు.

తయారీ మార్గాలు

మొక్కల నూనెను, కొవ్వును అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపించి ఆక్సిజన్ తీసేసే పద్ధతి ‘హెఫా’. ప్రపంచంలో తయారవుతున్న సాఫ్‌లో అత్యధిక భాగం దీనిదే. నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులో సాధారణంగా 16 నుంచి 18 కార్బన్ పరమాణువులు ఉంటాయి. జెట్ ఇంధనానికి అంతకంటే పొట్టి గొలుసులు, కొమ్మలు వేసినవి కావాలి. గొలుసును తెంచి కొమ్మలు తెప్పించే క్రమంలో కొంత డీజిల్‌గా, కొంత నాఫ్తాగా, కొంత గ్యాస్‌గా వేరుపడుతుంది. కాబట్టి పోసిన నూనె అంతా విమాన ఇంధనం కాదు.

రెండో మార్గం ఆల్కహాల్ నుంచి జెట్ ఇంధనం. ఇథనాల్‌లోంచి నీటి అణువును తొలగిస్తే ఇథిలీన్ వస్తుంది. ఇథిలీన్ అణువులను కలిపి పెద్దవి చేస్తారు. రసాయన సమీకరణం ప్రకారం 46 కిలోల ఇథనాల్ నుంచి 28 కిలోల ఇథిలీన్‌కు మించి రాదు, అంటే వంద కిలోలకు గరిష్ఠంగా 61 కిలోలు. చక్కెర మిల్లులు, ధాన్యం డిస్టిలరీలు ఎక్కువగా ఉన్న దేశం కనుక భారత్‌లో ఈ మార్గంపై ఆసక్తి ఉంది.

మూడోది ఫిషర్-ట్రాప్ష్ పద్ధతి. గడ్డి, కలప, చెత్తను ఆక్సిజన్ తక్కువగా అందించి వాయువుగా మార్చి, ఆ వాయువు నుంచి ద్రవ ఇంధనం చేస్తారు. ముడిసరుకు చవక, ఫ్యాక్టరీ ఖరీదు.

అనుకూలతలు

కిలో జెట్ ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. జీవ ఇంధనం మండినా దాదాపు అంతే. తేడా ఎక్కడంటే, రెండో దాంట్లోని కార్బన్‌ను మొక్క అంతకుముందే గాలి నుంచి తీసుకుంది. సాగు, రవాణా, శుద్ధి కలుపుకుని లెక్కవేసే జీవితచక్ర పద్ధతిలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) పెట్రోలియం జెట్ ఇంధనానికి మెగాజౌల్ శక్తికి 89 గ్రాముల ఉద్గారాలు ప్రమాణంగా పెట్టింది. వాడేసిన వంటనూనెతో చేసిన హెఫా ఇంధనానికి 13.9, పంట వ్యర్థాలతో చేసిన ఫిషర్-ట్రాప్ష్ ఇంధనానికి 7.7 గ్రాములు మాత్రమే.

ఇప్పుడున్న విమానం, ట్యాంకు, పైపు, ఇంజన్ దేన్నీ మార్చనక్కర్లేదు. బ్యాటరీతో దూర ప్రయాణం సాధ్యం కాని చోట, హైడ్రోజన్ విమానాలు వచ్చేదాకా ఇంతకంటే చేతికందే మార్గం లేదు. ఇలా తగ్గించాల్సిన భారం ఎంతంటే, ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో విమానయానం వాటా సుమారు 2.5 శాతం.

పొగ కూడా తగ్గుతుంది. జీవ ఇంధనంలో గంధకం, ఆరోమాటిక్‌లు అనే వలయాకార హైడ్రోకార్బన్‌లు దాదాపు ఉండవు కనుక మసి తక్కువ. విమానం వెనక తెల్లగా సాగే చారల్లోని మంచు కణాలు ఆ మసి మీదే ఏర్పడతాయి. ఆ చారలు భూమి నుంచి వెలువడే వేడిని పట్టి ఉంచుతాయి. నూరు శాతం సాఫ్‌తో ఎగిరిన విమానాన్ని వెంబడించి కొలిచిన ఈసీఎల్ఐఎఫ్3 ప్రయోగంలో మంచు కణాల సంఖ్య 56 శాతం తగ్గినట్టు 2024లో వెల్లడైంది.

ముడి చమురు దిగుమతి భారం తగ్గడం, రైతుకు మరో కొనుగోలుదారు దొరకడం కూడా ప్రభుత్వాలు చెప్పే లాభాలు. రెండోది పంటను బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది (చూ. నూజివీడు ప్రాంతం).

ప్రతికూలతలు

మొదటిది ధర. సాఫ్ ఖరీదు మామూలు జెట్ ఇంధనానికి రెండు నుంచి ఐదు రెట్లు పలుకుతోంది. విమాన సంస్థల ఖర్చుల్లో ఇంధనానిదే పెద్ద వాటా కావడంతో భారం చివరికి టికెట్ మీదే పడుతుంది.

రెండోది పరిమాణం. 2024లో ప్రపంచమంతా కలిపి తయారైన సాఫ్ సుమారు 10 లక్షల టన్నులు, మొత్తం జెట్ ఇంధనంలో 0.3 శాతం. వాడేసిన వంటనూనె మంచి ముడిసరుకే గానీ, దాని కోసం పంట వేయలేం. వంట జరిగినంతే అది దొరుకుతుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ఈ నూనె సేకరణ పథకం మొదలుపెట్టింది. ఆ నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వంటకు వాడకూడదన్న నిబంధన తెచ్చింది. అయినా బజ్జీల బండి మూకుడులో మిగిలిన నూనె ఫ్యాక్టరీదాకా రావడం సులభం కాదు. చాలాచోట్ల అది మర్నాటి వాయికే పనికొస్తుంది.

మూడోదే అసలు చిక్కు: భూమి. ఆహార పంటను ఇంధనానికి మళ్లిస్తే ఆ ఆహారం కోసం మరెక్కడో అడవి కొట్టి సాగు చేయాల్సి రావచ్చు. దీన్ని పరోక్ష భూ వినియోగ మార్పు అంటారు. పామాయిల్‌తో చేసిన హెఫాకు, మిల్లు మురుగునీరు ఆరుబయట చెరువుల్లో నిలిచే పద్ధతిలో, ఐకావో లెక్క ప్రకారం తయారీ ఉద్గారాలు 60, భూ మార్పు 39.1, మొత్తం 99.1 గ్రాములు. పెట్రోలియం లెక్క 89. అంటే ఆ రకం పచ్చ ఇంధనం నల్ల ఇంధనం కంటే హెచ్చు హాని చేస్తుంది.

నీరు, ఎరువు, ఫ్యాక్టరీల దగ్గర జనం అభ్యంతరాలు మరో కోవ. తెలుగు రాష్ట్రాల్లో ఇథనాల్ ఫ్యాక్టరీలపై నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ నిరసనలు జరిగాయి. 2024 నవంబరులో దిలావర్‌పూర్ పనులు ఆగాయి. ఆ ఫ్యాక్టరీలు పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం తలపెట్టినవి. ఆల్కహాల్ నుంచి జెట్ ఇంధనం చేసినా మొదటి మెట్టు అదే ఫ్యాక్టరీ కనుక ఆ ప్రశ్నలు దీనికీ వర్తిస్తాయి.

నూజివీడు ప్రాంతం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం మండలాల ఎర్ర నేలల్లో విస్తరించిన మామిడి సీమ ఇది. నూజివీడు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, అప్పటి జిల్లాల విభజనలో ఏలూరు జిల్లాకు వచ్చింది. పట్టణంలో మామిడి పరిశోధన స్థానం ఉంది. గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం కూడా దగ్గరే. జీవ ఇంధనపు మంచి చెడ్డలు నాలుగు రకాల ముడిసరుకు రూపంలో ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

మామిడి టెంక. పండు తిన్నాక మిగిలే టెంకలోని జీడిలో కొవ్వు ఉంటుంది. ఎండిన జీడిలో ఇది 7 నుంచి 15 శాతం దాకా ఉండవచ్చు. కాగితం మీద ఇది ఆదర్శ ముడిసరుకు: వ్యర్థం, ఆహారంతో పోటీ లేదు, కొత్తగా భూమి అక్కర్లేదు. లెక్క వేస్తే తేలేది వేరు. టన్ను కాయలో టెంకల బరువు 150 కిలోలనుకుంటే, పెంకు తీసి జీడిని ఎండబెట్టాక 50 కిలోలు మిగులుతుంది. అందులో కొవ్వు ఐదారు కిలోలు. గన్నవరం నుంచి ఢిల్లీకి వెళ్లే ఎయిర్‌బస్ ఏ320 గంటకు సుమారు రెండున్నర టన్నుల చొప్పున ఐదారు టన్నుల ఇంధనం తాగుతుంది. ఒకవైపు ప్రయాణానికే వెయ్యి టన్నుల కాయ కావాలి. విజయవాడ దగ్గరి నున్న గ్రామంలోని మామిడి మార్కెట్‌కు వచ్చే పది టన్నుల లారీలు వంద! శుద్ధిలో పోయేది ఇందులో లెక్కించలేదు.

పైగా టెంకలు ఒకచోట దొరకవు. చిన్నరసం, పెద్దరసం ఇంట్లో కూర్చుని పిండుకుని జుర్రుకునే పండ్లు, వాటి టెంకలు దొడ్లో పడతాయి. బంగినపల్లి కాయలు లారీలెక్కి ఉత్తరాది నగరాలకు పోతాయి, టెంక ఢిల్లీ చెత్తబుట్టలో తేలుతుంది. ఫ్యాక్టరీలో గుజ్జు తీసేది ప్రధానంగా కలెక్టర్ అనే రకం కాయనే. ఆ గుజ్జు పరిశ్రమలు ఎక్కువగా ఉన్నది నూజివీడులో కాదు, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో. టెంకల గుట్టలూ అక్కడే.

ఇంకొక అడ్డు కూడా ఉంది. మామిడి జీడి కొవ్వు గుణంలో కోకో వెన్నకు దగ్గర. చాక్లెట్‌లో కోకో వెన్నకు తోడుగా వాడటానికి ఐరోపా సమాఖ్య అనుమతించిన ఆరు మొక్కల కొవ్వుల్లో ఇదొకటి. సౌందర్య సాధనాల్లోనూ వాడతారు. చాక్లెట్ కంపెనీ ఇచ్చే ధరను ఇంధన కంపెనీ ఇవ్వలేదు. టెంకను విమానానికి వాడటం సాధ్యమే. లాభసాటి మాత్రం కాదు.

ఆయిల్ పామ్. నూజివీడు పక్కనున్న పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ, ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉన్నాయి. పూత నిలవక, తామర పురుగు తగిలి, కోత సమయానికి ధర పడిపోయి విసిగిన మామిడి రైతులు కొందరు చెట్లు తీసేసి ఆయిల్ పామ్ వేస్తున్నారు. మామిడి ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. ఆయిల్ పామ్ కాపు మొదలయ్యాక పది పదిహేను రోజులకోసారి గెలలు కోయవచ్చు. టన్ను గెలల ధర, నూనె శాతం (రైతుల మాటలో ఓఈఆర్) ముందే తెలుస్తాయి. అయితే చెట్టుకు రోజూ వంద లీటర్లకు మించి నీరు కావాలి. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో, బోర్ల మీద ఆధారపడిన మెట్టలో ఇది తేలిక విషయం కాదు.

బాగా కాసిన తోటలో ఎకరానికి ఎనిమిది టన్నుల గెలలు, అందులో టన్నున్నర నూనె అనుకుంటే, పైన చెప్పిన ఢిల్లీ ప్రయాణానికి సుమారు నాలుగు ఎకరాల ఏడాది దిగుబడి కావాలి. టెంకతో పోలిస్తే ఇది చాలా నయం. కానీ దేశం తన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. 2021 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన ఆయిల్ పామ్ జాతీయ మిషన్ ఉద్దేశం ఆ దిగుమతి తగ్గించడమే. పెదవేగి నూనెను విమానానికి పోస్తే వంటింటికి అంత నూనె ఇండోనేషియా నుంచో మలేషియా నుంచో రావాలి. ఆ ఇండోనేషియాలోనే 2023 అక్టోబరులో గరుడ సంస్థ పామాయిల్ ఇంధనం కలిపి జకార్తా నుంచి సోలోకు ప్రయాణికుల విమానం నడిపింది. ఐరోపా సమాఖ్య మాత్రం పామ్ ఆధారిత ఇంధనాన్ని తన సాఫ్ లెక్కలోకి రానివ్వదు.

తీసేసిన మామిడి తోట సంగతి ఏ లెక్కలోనూ సరిగా పడదు. 2008 జనవరి 1 తర్వాత అడవిని, చిత్తడి నేలను మార్చి పండించిన ముడిసరుకును ఐకావో అంగీకరించదు. పండ్ల తోట ఆ జాబితాలో లేదు. తాత నాటిన రసాల చెట్టు కాండంలో దాగిన కార్బన్ మొద్దు కట్టెల లారీలో వెళ్లిపోయినా నిబంధన ప్రకారం తప్పు లేదు.

మొక్కజొన్న. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరే క్రమంలో మొక్కజొన్న డిస్టిలరీల బాట పట్టింది. రైతుకు ధర దక్కింది. కృష్ణా, ఏలూరు, గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలకు మేత ఖర్చు పెరిగింది. విమాన ఇంధనం కూడా ఇదే గింజ కోసం వస్తే పోటీదారులు ముగ్గురవుతారు.

గడ్డి, కొమ్మలు. డెల్టా వరిగడ్డి, కోత తర్వాత మామిడిలో కత్తిరించే కొమ్మలు, ఆయిల్ పామ్ మట్టలు, ఖాళీ గెలలు ఐకావో లెక్కలో చాలా శుభ్రమైన ముడిసరుకు. గడ్డిలో కొంత పశువుల మేతకు పోగా మిగిలింది దొరుకుతుంది. దాన్ని మోపులు కట్టి, తడవకుండా నిల్వచేసి, పెద్ద ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా చేర్చే ఏర్పాటు మాత్రం ఈ ప్రాంతంలో లేదు. నాలుగింటిలో నూజివీడుకు నిజంగా సరిపడేది ఇదే. టెంకకు పరిమాణం చాలదు, పామాయిల్, మొక్కజొన్నలకు కంచంతో పోటీ తప్పదు.

ప్రమాణాలు, నిబంధనలు

ఇలాంటి ఇంధనాలను జెట్ ఇంధనంలో కలపడానికి వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఏఎస్‌టీఎం డీ7566 2009లో వచ్చింది. హెఫాకు 2011లో, ఆల్కహాల్ మార్గానికి 2016లో అందులో చోటు దక్కింది. మార్గాన్ని బట్టి 10 నుంచి 50 శాతం దాకా కలపవచ్చు. సగానికి మించకపోవడానికి ఒక కారణం సీళ్లు: ఇంధన వ్యవస్థలోని రబ్బరు సీళ్లు ఆరోమాటిక్‌ల వల్ల ఉబ్బి బిగుతుగా ఉంటాయి. అవి లేని ఇంధనంలో సీళ్లు కుంచించుకుని కారే ప్రమాదం ఉంది. మన దేశంలో ఐఎస్ 17081 ప్రమాణం 2019 నుంచి ఉంది.

ఐరోపా సమాఖ్య 2025లో 2 శాతం, 2030లో 6 శాతం, 2050లో 70 శాతం సాఫ్ తప్పనిసరి చేసింది. భారత్ పెట్టుకున్న సూచనాత్మక లక్ష్యాలు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి వాడేసిన వంటనూనెతో సాఫ్ చేసేందుకు 2025 ఆగస్టులో అంతర్జాతీయ ధ్రువీకరణ లభించింది. ఉద్గారాలకు పరిహారం చెల్లించే ఐకావో పథకం ‘కోర్సియా’ నిర్బంధ దశ 2027లో మొదలవుతుంది, భారత్ అందులో చేరుతుంది. భారత్ పెట్టుకున్న సాఫ్ లక్ష్యాలు తొలుత అంతర్జాతీయ సర్వీసులకే. గన్నవరం నుంచి ఢిల్లీకో హైదరాబాద్‌కో వెళ్లే దేశీయ విమానాలకు వర్తించవు.